నాన్నగారికి కాళ్ళ వాపు, లాసిక్స్ రోజూ వేయొచ్చా?

గోదారి_గట్టు
మా నాన్నగారికి 68 ఏళ్ళు. బీపీ ఉంది, షుగర్ లేదు. ఎండలు ముదిరినప్పటి నుంచి రెండు కాళ్ళూ చీలమండల దగ్గర వాస్తున్నాయి. సాయంత్రానికి చెప్పు పట్టట్లేదు. వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటోంది. మా వీధి మందుల షాపాయన లాసిక్స్ 40 ఇచ్చి, "నీరు లాగేస్తుంది, రోజుకొకటి వెయ్యండి" అన్నాడు. వేసిన రోజు బాత్రూమ్‌కి తిరగడంతోనే ఆయనకి సరిపోతోంది, వాపు కాస్త తీస్తోంది. మానేస్తే మళ్ళీ మామూలే. ఇప్పుడేమో రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయంటున్నారు, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయట. మా బావగారు (మెడికల్ రెప్ లెండి) డోసు పెంచమంటున్నారు. అమ్మ అసలు మాత్రే వద్దు, బార్లీ నీళ్ళు తాగిస్తే చాలంటోంది. ఈ మందు ఎలా పనిచేస్తుంది, రోజూ వాడొచ్చా, ఎవరి మాట వినాలి?

పాలమూరు_పోరడు
మా నాయినకు గూడ గిట్లనే కాళ్ళకు నీరొచ్చింది. ఎకో తీస్తే గుండె పంపింగ్ తక్కువుంది అన్నరు. నీరు తీసే టార్సెమైడ్ ఇచ్చిన్రు, దాంతోపాటు ఇంకో గోలీ. పొద్దుగాల ఏసుకుంటే బువ్వ తినే యాల్లకు దాని పనైపోతది. చానా రోజుల సంది రోజూ ఏసుకుంటుండు, మంచిగనే ఉన్నడు. రోజూ వాడొద్దనేది తప్పు ముచ్చట. కాకపోతే ఆయనకు ఎకో తీసినంక డాక్టర్ ఇచ్చిండు, షాపాయన గాదు.

చట్నీ_చక్రవర్తి
బావగారు మెడికల్ రెప్పు, డోసు పెంచమంటున్నారు. నెలాఖరు టార్గెట్ వ్యవహారం కాదు కదా?

ఐసీయూ_అక్క
డోసు సంగతి తర్వాత తమ్ముడూ, ముందు ఇవి చెప్పు. ఆయాసం ఉందా? పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటున్నారా? పొద్దున లేచేసరికి కళ్ళ కింద ఉబ్బు ఉంటోందా? మూత్రం నురగగా పోతోందా? పొట్ట పెరిగిందా? వాపు రెండు కాళ్ళకీ ఒకే తీరుగా ఉందా? ఒక్క కాలే వాచి పిక్క నొప్పెడుతుంటే రక్తం గడ్డ కట్టిందేమో వెంటనే చూపించాలి, అక్కడ లాసిక్స్‌కి పనే లేదు. ఇంకా ఏమేం మందులు వాడుతున్నారో అట్టల మీద ఉన్నది ఉన్నట్టు రాయి.

గోదారి_గట్టు
@చట్నీ ఆయన తిరిగేది యాంటీబయాటిక్స్ కంపెనీకి, కాబట్టి లాసిక్స్ మీద ఉచిత సలహానే.
@అక్క ఆయాసం లేదు, మేడ మెట్లు ఎప్పటిలాగే ఎక్కుతున్నారు. ముఖం ఉబ్బు లేదు, నురగ గమనించలేదు. రెండు కాళ్ళకీ ఒకటే వాపు. అట్టలు ముందేసుకుని రాస్తున్నా: టెల్మిసార్టన్ 40 హెచ్ పొద్దున, అమ్లోడిపిన్ 10 రాత్రి. ఇదివరకు అమ్లోడిపిన్ 5 ఉండేది, శివరాత్రి తర్వాత 10 చేశారు. మోకాళ్ళ నొప్పులకి అప్పుడప్పుడూ డైక్లోఫెనాక్. ఇప్పుడీ లాసిక్స్.

ఐసీయూ_అక్క
అమ్లోడిపిన్ 10. దొంగ దొరికాడు అనుకుంటున్నా. పంతులుగారు ఉంటే రండి, వివరంగా చెప్పడం మీ పని.

ఫార్మకాలజీ_పంతులు
వచ్చా. కాస్త పొడుగు పోస్టు, ఓపికుంటేనే చదవండి.

రెండు కిడ్నీలూ కలిపి రోజుకి దాదాపు 180 లీటర్లు వడపోస్తాయి. మనం పోసేది లీటరున్నర, మహా అయితే రెండు లీటర్లు. మిగతాదంతా సన్నటి గొట్టాల్లో సాగుతూ మళ్ళీ రక్తంలోకి వెళ్ళిపోతుంది. నీటిని అలా వెనక్కి తీసుకెళ్ళేది ఉప్పులోని సోడియం. సోడియం ఎటు పోతే నీరు అటు. మాగాయ ముక్కలకి ఉప్పు పట్టించి మర్నాడు మూత తీస్తే ఊట తేలి ఉంటుంది చూడండి, ఆ సూత్రమే. ఈ మందుల్లో చాలావరకు నీటిని నేరుగా తోడవు, సోడియం వెనక్కి పోకుండా అడ్డం పడతాయి. గొట్టంలో ఎక్కడ అడ్డం పడుతుందన్నదాన్ని బట్టే ఒక్కో మందు బలమూ, దాంతో వచ్చే తంటాలూ.

మొదటి భాగంలో మూడింట రెండొంతుల సోడియం వెనక్కి పోతుంది. అక్కడ పనిచేసేది అసెటజోలమైడ్, అదే డయమాక్స్. వినడానికి పెద్ద దెబ్బలా ఉంటుంది గానీ, అక్కడ తప్పించుకున్న ఉప్పుని కింది భాగాలు పట్టేసుకుంటాయి, అందుకని నీరు పెద్దగా పోదు. తర్వాత హెన్లీ వంపు. అక్కడ ఇంకో 25 శాతం. లాసిక్స్, టార్సెమైడ్ పనిచేసేది ఇక్కడే. ఇక్కడ తప్పించుకున్నంత ఉప్పుని ఆపే శక్తి కింద ఏ భాగానికీ లేదు, అందుకే మాత్ర వేసిన గంటలోపే బాత్రూమ్ పరుగులు. ఆ తర్వాతి భాగంలో 5 నుంచి 8 శాతం. అక్కడ థయజైడ్ జాతి మందులు: హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్తాలిడోన్, ఇండపమైడ్. వీటిలో నీరు లాగే జోరు తక్కువ, పనిచేసే కాలం ఎక్కువ, అందుకే బీపీకి ఇవే వాడతారు. ఇక చిట్టచివర, మిగిలిన కాస్త సోడియాన్ని లోపలికి తీసుకుని బదులుగా పొటాషియాన్ని మూత్రంలోకి వదిలే చోటు. అక్కడ స్పైరనోలాక్టోన్, అమిలోరైడ్.

పైన ఎక్కడ ఉప్పు తప్పించుకున్నా అది వచ్చిపడేది ఈ చివరి చోటికే. ఇక్కడ మార్పిడి జోరందుకుని పొటాషియం బయటికి పోతుంది. లాసిక్స్, థయజైడ్ వాడేవాళ్ళకి పిక్కలు పట్టడం, నీరసం, గుండె దడ చాలావరకు ఇందుకే. స్పైరనోలాక్టోన్ ఆ మార్పిడినే ఆపేస్తుంది కాబట్టి అక్కడ కథ తిరగబడి పొటాషియం పేరుకుంటుంది.

ఇక మీ నాన్నగారు. టెల్మిసార్టన్ పక్కనున్న ఆ "హెచ్" హైడ్రోక్లోరోథయజైడ్ 12.5. అంటే ఆయన ముందునుంచే నీరు తీసే మందు మీద ఉన్నారు, షాపాయన ఇచ్చింది రెండోది. వాపు మాత్రం అమ్లోడిపిన్ పెంచాక మొదలైనట్టుంది. అది సన్న ధమనుల్ని వెడల్పు చేస్తుంది, సిరల్ని అంతగా చెయ్యదు. వచ్చే రక్తం ఒత్తిడి పెరిగి, పోయే దారి అంతే ఉండి, కేశనాళికల్లోంచి నీరు చుట్టుపక్కలకి జారుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదది. లాసిక్స్‌తో మూత్రం పోయిస్తే రక్తంలో నీరు తగ్గి కళ్ళు తిరుగుతాయి, చీలమండ వాపు మాత్రం పూర్తిగా పోదు. ఒక మందు తెచ్చిపెట్టిన ఇబ్బందిని కొత్త జబ్బనుకుని ఇంకో మందు తగిలించడం పెద్దవాళ్ళలో చాలాచోట్ల జరిగేదే.

ఇదంతా చదివి బీపీ మాత్రలు మీరే ఆపేయకండి. సోడియం, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) పరీక్షలు చేయించి, రాసిచ్చిన డాక్టర్ దగ్గరికే అట్టలన్నీ పట్టుకెళ్ళండి.

బిళ్ళల_కొట్టు
పదిహేనేళ్ళుగా మందుల షాపు నడుపుతున్నా. ప్రతి థ్రెడ్‌లోనూ దోషి మేమే. లాసిక్స్ చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఒప్పుకుంటా. కానీ కౌంటర్ దగ్గర నిలబడి "డాక్టర్ ఫీజు అయిదొందలు, ఏదో ఒకటి ఇచ్చి పుణ్యం కట్టుకో" అనే వాళ్ళకి ఏం చెప్పమంటారు? నేనివ్వకపోతే పక్క షాపులో కొంటారు.

ఐసీయూ_అక్క
@బిళ్ళల_కొట్టు "బీపీకి ఏం వాడుతున్నారండీ?" అని అడగడానికి ఫీజు అక్కర్లేదుగా.

బిళ్ళల_కొట్టు
సరే అక్కా, ఆ మాట నిజమే.

పసరు_తాత
అమ్మ చెప్పింది తీసిపారేయకండి. కాళ్ళకి నీరు పడితే గలిజేరు ఆకు కూర పెట్టేవారు మా ఇళ్ళల్లో. కొండపిండి ఆకు కషాయం, బార్లీ జావ. తరాల నుంచి వాడుతున్నవి. వాటికి సైడ్ ఎఫెక్టులు లేవు.

ఫార్మకాలజీ_పంతులు
@పసరు_తాత గలిజేరు పప్పు నాకూ ఇష్టమే. కానీ మూత్రం ఎక్కువ పోయించే గుణం నిజంగా ఉన్న ఆకుకి సైడ్ ఎఫెక్టూ నిజంగానే ఉంటుంది కదండీ, అదొక్కటి లేకుండా ఎలా కుదురుతుంది? గుండె జబ్బువాళ్ళు మాత్ర మానేసి జావ తాగితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. పైగా గుండె, కిడ్నీ రోగుల్లో కొందరికి రోజుకి ఇంతే నీళ్ళు అని హద్దు పెడతారు, బార్లీ నీళ్ళూ ఆ లెక్కలోకే వస్తాయి.

పసరు_తాత
నేను మాత్ర మానమనలేదు నాయనా. దానికి తోడుగా అన్నాను.

కవిటి_కొబ్బరి
అందరూ అమ్లోడిపిన్ వెంట పడ్డారు, ఆ డైక్లోఫెనాక్ మాటేటి? మా ఉద్దానంలో కిడ్నీ మాటెత్తితే ఊరంతా ఉలిక్కిపడతాది, అందుకే అడుగుతున్నా. మా మావకి బీపీకి టెల్మిసార్టన్, కాళ్ళ వాపుకి నీరు తీసే బిళ్ళ ఉండేవి. జీడితోటలో పనిచేసి నడుం పట్టేసిందని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూదులు ఏయించుకున్నాడు. వారం తిరిగీసరికి మూత్రం తగ్గిపోయింది, క్రియాటినిన్ నాలుగు దాటేసింది. దేవుడి దయవల్ల మళ్ళీ దిగింది. ఈ మూడు మందులూ కలవకూడదని అప్పుడు చెప్పారు మాకు.

ఫార్మకాలజీ_పంతులు
@కవిటి_కొబ్బరి నేను రాయాల్సింది మీరు రాశారు. నొప్పి మాత్ర కిడ్నీ వడపోతలోకి రక్తం వచ్చే దారిని ఇరుకు చేస్తుంది. టెల్మిసార్టన్ పోయే దారిని వదులు చేస్తుంది. నీరు తీసే మందు అసలు వచ్చే రక్తాన్నే తగ్గిస్తుంది. మూడూ కలిస్తే వడపోయడానికి కావాల్సిన ఒత్తిడే మిగలదు. ఎండలో చెమట పోసి, పైన విరేచనాలు కూడా పట్టుకుంటే ఇక చెప్పక్కర్లేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఒంట్లో ఉప్పూ నీరూ నిలబెడతాయి కూడా, అంటే వాపుకీ బీపీకీ రెంటికీ ఆజ్యం. మోకాళ్ళకి పారాసెటమాల్ సరిపోతుందేమో డాక్టర్ని అడగండి.

పెళ్ళికూతురి_పిన్ని
నా ప్రశ్న వేరే. వచ్చే నెల మా ఇంట్లో పెళ్ళి. పట్టు జాకెట్టు పట్టట్లేదు. ఈ మాత్ర వేస్తే రెండు మూడు కిలోలు తగ్గుతామని జిమ్‌లో ఒకావిడ చెప్పింది. నిజమేనా?

ఐసీయూ_అక్క
కాటా మీద తగ్గుతారు పిన్నిగారూ. పోయేది నీళ్ళు, కొవ్వు కాదు. మర్నాడు పెళ్ళిభోజనంలో ఆవకాయ, అప్పడం తిన్నారా, పోయినదంతా తిరిగొస్తుంది. ఈలోగా సోడియం పడిపోయి పీటల దగ్గర కళ్ళు తిరిగి పడితే వీడియోలో మీరే హైలైట్. జాకెట్టు కుట్లు విప్పించుకోండి.

కవర్_డ్రైవ్
షేన్ వార్న్ గుర్తున్నాడా? 2003 వరల్డ్ కప్‌లో ఆస్ట్రేలియా తొలి మ్యాచ్ ఆడకముందే దక్షిణాఫ్రికా నుంచి ఇంటికి పంపేశారు. దొరికింది ఇదే జాతి మందు, హైడ్రోక్లోరోథయజైడ్, అమిలోరైడ్ కలిసిన మాత్ర. సన్నగా కనిపించాలని అమ్మ ఇస్తే వేసుకున్నానన్నాడు. ఏడాది నిషేధం.

చట్నీ_చక్రవర్తి
నీళ్ళు పోతే వికెట్లు ఎక్కువ పడతాయా ఏంటి, దీనికెందుకు నిషేధం?

కవర్_డ్రైవ్
మూత్రం పలచబడితే వేరే దొంగ మందులు పరీక్షలో దొరకవని. పైగా బాక్సింగ్, రెజ్లింగ్‌లో బరువు తూచే ముందు కిలోలు దించుకోవచ్చు. అందుకే క్రీడల్లో డోపింగ్‌ని అడ్డుకునే "వాడా" సంస్థ నిషేధ జాబితాలో ఇవన్నీ ఉన్నాయి.

డల్లాస్_బాబాయ్
స్పైరనోలాక్టోన్ వాడేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇది చదవండి. మా అత్తగారు ఆర్నెల్లు ఉందామని ఇక్కడికి వచ్చారు. గుండెకి ఆల్డాక్టోన్ (అదే స్పైరనోలాక్టోన్), బీపీకి రామిప్రిల్. మా ఆవిడ ఆరోగ్యం అని ఇంట్లో ఉప్పు మార్చి తక్కువ సోడియం ఉప్పు తెచ్చింది. ఇండియన్ స్టోర్ నుంచి కొబ్బరి నీళ్ళు రోజూ. పదిరోజులకి ఆవిడ కాళ్ళు లేవట్లేదంటే ఎమర్జెన్సీకి పరిగెత్తాం. పొటాషియం 6.8. ఈసీజీ తీసిన అమ్మాయి ముఖం మారిపోయింది, నిమిషాల్లో నలుగురు చుట్టూ చేరి కాల్షియం ఎక్కించారు. తర్వాత తెలిసింది, ఆ ఉప్పులో సోడియం తగ్గించి కలిపేది పొటాషియం క్లోరైడేనట. డబ్బా వెనకాల చిన్న అక్షరాల్లో ఉంది.

పాలమూరు_పోరడు
అన్నా, మా నాయిన ఏసుకునే రెండో గోలీ గదే, స్పైరనోలాక్టోన్. ఎండకాలం కదా అని రోజూ కొబ్బరి బోండం తాపిస్తున్న. ఆపాలెనా?

ఐసీయూ_అక్క
ముందు పొటాషియం టెస్టు చేయించు, ఈ వారమే. రిపోర్టు వచ్చేదాకా బోండాలు ఆపు. అందరికీ నిషేధమని కాదు. కిడ్నీ బాగుండి, టార్సెమైడ్ కూడా ఉంటే కొందరికి సరిగ్గా సరిపోతుంది. ఊహించి చెప్పలేం, రక్తపరీక్షే చెప్పాలి. ఈ మందు మొదలుపెట్టినా డోసు మార్చినా వారంలో ఒకసారి, నెలకి ఇంకోసారి చూడాలి.

పాలమూరు_పోరడు
సరే అక్కా. ఇంకోటి. ఆయనకు ఛాతీల గడ్డ లెక్క వాచి నొస్తుందట. సిగ్గుపడి నాకు చెప్పలే, అమ్మకు చెప్పిండు. క్యాన్సరేమో అని భయపడుతుండు.

ఫార్మకాలజీ_పంతులు
@పాలమూరు ఎక్కువగా ఆ మందు వల్లే అయుంటుంది. స్పైరనోలాక్టోన్ మగ హార్మోన్ పనికి కూడా అడ్డం పడుతుంది. 1999లో వచ్చిన రాల్స్ ట్రయల్‌లో గుండె బలహీనమైనవాళ్ళకి దీన్ని చేరిస్తే మరణాలు 30 శాతం తగ్గాయి. అదే ట్రయల్‌లో మగవాళ్ళలో పదిమందిలో ఒకరికి ఇలా ఛాతీ వాపో నొప్పో వచ్చింది. కాబట్టి సిగ్గుపడి మాత్ర దాచిపెట్టేస్తే నష్టం ఆయనకే. డాక్టర్ ఒకసారి చేత్తో పరీక్షించి, ఎప్లెరెనోన్‌కి మార్చొచ్చు, దాంతో ఈ బాధ చాలా తక్కువ.

మొటిమల_మోహిని
ఆగండాగండి. నాకు 26. స్కిన్ డాక్టర్ గడ్డం మీద రోమాలకి, మొటిమలకి ఇదే ఇచ్చారు. నాకు గుండె జబ్బు లేదు బాబోయ్!

ఐసీయూ_అక్క
కంగారు పడకు. పంతులుగారు చెప్పిన ఆ మగ హార్మోన్ సంగతే నీకు మందు. పీసీఓడీలో అలా వాడతారు. గర్భం మాత్రం రాకుండా చూసుకోవాలి, ప్లాన్ చేస్తుంటే ముందే మీ డాక్టర్‌కి చెప్పు.

కొండెక్కిన_కోటి
డయమాక్స్ పేరు చూసి వచ్చా. లేహ్ వెళ్ళే ముందురోజు నుంచి పూటకి 125 మి.గ్రా. వేసుకున్నాం. ఎత్తు పడక వచ్చే తలనొప్పి లేకుండా గడిచింది గానీ చేతివేళ్ళు, పెదాలు జివ్వుజివ్వుమనేవి. కూల్‌డ్రింక్ తాగితే గ్యాస్ పోయిన నీళ్ళలా చప్పగా ఉంది, షాపువాడితో గొడవ కూడా పెట్టుకున్నాం.

ఫార్మకాలజీ_పంతులు
షాపువాడు నిర్దోషి. నాలుక మీద ఆ గ్యాస్ చురుకు తెలియడానికి కావాల్సిన ఎంజైమ్‌నే డయమాక్స్ ఆపేస్తుంది. కొండల మీద అది పనికొచ్చేది నీరు తీసినందుకు కాదు. మూత్రంలో బైకార్బొనేట్ పోయి రక్తం కాస్త ఆమ్లంగా మారుతుంది, దాంతో ఊపిరి వేగం పెరిగి ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది.

సందర్భం వచ్చింది కాబట్టి పాత ముచ్చటొకటి. 1919లో వియన్నాలో సిఫిలిస్‌కి పాదరసం ఇంజెక్షన్ ఇస్తుంటే రోగికి మూత్రం ధారాళంగా పోవడం ఒక వైద్య విద్యార్థి కంటపడింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలపాటు గుండె రోగుల నీరు తీసింది పాదరసమే! 1950ల చివర్లో క్లోరోథయజైడ్ మాత్ర వచ్చాక గానీ ఆ సూదుల పీడ వదల్లేదు.

ఐసీయూ_అక్క
ఇక్కడ అందరూ లాసిక్స్‌ని తిట్టిపోస్తున్నారు, నా వంతుగా ఒక మాట. రాత్రి డ్యూటీలో ఊపిరితిత్తుల్లో నీరు చేరిన మనిషిని తీసుకొస్తారు. పడుకోలేడు, మంచం అంచు పట్టుకుని ముందుకు వంగి కూర్చుంటాడు, ఒళ్ళంతా చల్లటి చెమట, నోటి చివర గులాబీ రంగు నురగ. ఆక్సిజన్ పెట్టి లాసిక్స్ నరానికి ఇస్తాం. అరగంటలో యూరిన్ బ్యాగు నిండుతుంటే మాట ఒక్కోటీ బయటికొస్తుంది, మొదటిమాట ఎక్కువమందికి "మంచినీళ్ళు". అదీ ఈ మందు సత్తా. ఆ ఇంజెక్షన్ కూడా మెల్లగా ఎక్కించాలి. పెద్ద డోసైతే నిమిషానికి 4 మి.గ్రా. దాటకూడదు, తొందరపడి తోస్తే చెవుల్లో హోరు, వినికిడి దెబ్బతినొచ్చు.

బొటనవేలు_బాధితుడు
గౌట్ గురించి ఎవరూ రాయలేదేం? బీపీ మాత్రలో ఈ "హెచ్" చేరాక నా యూరిక్ యాసిడ్ తొమ్మిదికి చేరింది. అర్ధరాత్రి కాలి బొటనవేలి మీద దుప్పటి తగిలినా అరుపే. మాత్ర మార్చాక మళ్ళీ రాలేదు. ఇంట్లోవాళ్ళు మాత్రం ఇప్పటికీ మటన్‌దే తప్పంటారు.

చట్నీ_చక్రవర్తి
మటన్‌కి క్లీన్ చిట్ ఇచ్చిన మొదటి థ్రెడ్.

ఫార్మకాలజీ_పంతులు
ఇవ్వలేదు. రెండూ దోషులే.

రాళ్ళపల్లి_రాజు
మా అన్నకి కిడ్నీలో రాళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తుంటే థయజైడ్ ఇచ్చారు. నీరు తీసే మందుతో ఒళ్ళు ఎండిపోయి రాళ్ళు ఇంకా పెరగవా?

ఫార్మకాలజీ_పంతులు
థయజైడ్ మూత్రంలోకి పోయే కాల్షియాన్ని తగ్గిస్తుంది, అందుకు ఇస్తారు. లాసిక్స్ అయితే కాల్షియాన్ని పోగొడుతుంది, రాళ్ళకి వాడరు. అయితే 2023లో వచ్చిన నోస్టోన్ ట్రయల్‌లో హైడ్రోక్లోరోథయజైడ్ వల్ల రాళ్ళు మళ్ళీ రావడం చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. ఆ వాదన ఇంకా నడుస్తోంది. నీళ్ళు బాగా తాగడం మీద మాత్రం వాదన లేదు.

గోదారి_గట్టు
అప్‌డేట్. సోడియం 127, పొటాషియం 3.1. క్రియాటినిన్ 1.3. ఎకో, మూత్రం పరీక్ష బాగానే ఉన్నాయి. డాక్టర్‌గారు లాసిక్స్ అట్ట చూసి "ఇదెవరు రాశారు?" అన్నారు, నేను గోడ మీద క్యాలెండర్ చూశా. లాసిక్స్, ఆ హెచ్ రెండూ తీసేశారు. అమ్లోడిపిన్ బదులు సిల్నిడిపిన్, టెల్మిసార్టన్ 80 చేశారు. పొటాషియం సిరప్ కొద్దిరోజులకే రాశారు. ఇప్పుడు పిక్కలు పట్టడం లేదు, వాపు సగానికి సగం తీసింది. రోజూ బీపీ చూసి రాయమన్నారు. బావగారు మాత్రం ఎకో అనవసరమంటున్నారు.

ఐసీయూ_అక్క
127 అంటే చిన్న సంగతి కాదు తమ్ముడూ, సోడియం బాగా తగ్గింది. ఇంకాస్త దిగితే మాట తడబడటం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం మొదలవుతుంది, ఇంట్లోవాళ్ళు వయసు మీదపడింది అనుకుంటారు. మళ్ళీ టెస్టు ఎప్పుడన్నారో ఆ తేదీ తప్పొద్దు.

పాలమూరు_పోరడు
మా నాయిన పొటాషియం 5.4 వచ్చింది. గోలీ సగం చేసిన్రు, బోండం బంద్. ఆయనకు బోండం బంద్ అయినందుకే కోపం. పొద్దుగాల ఒంటికి పోయొచ్చినంక, చాయ తాగకముందు బరువు సూసి రాయమన్నరు. రెండు మూడు దినాలల్ల రెండు కిలోలు పెరిగితే ఫోన్ చేయమన్నరు.

యాత్రల_యాదగిరి
నాది చిన్న డౌటు. టార్సెమైడ్ వాడుతున్నా. శ్రీశైలం ఆర్టీసీ బస్సులో పోవాలి, ఘాట్‌రోడ్డులో మధ్యలో ఆపమంటే డ్రైవర్ వినడు. ఆ రోజు మాత్ర మానెయ్యొచ్చా?

ఐసీయూ_అక్క
మానొద్దు, టైం జరుపుకోవచ్చేమో మీ డాక్టర్‌ని అడగండి. దిగాక వేసుకోమని చాలామందికి చెబుతారు. మరీ సాయంత్రం నాలుగు దాటి వేస్తే రాత్రంతా జాగారమే.

యాత్రల_యాదగిరి
శివరాత్రికి పోతున్నా అక్కా, జాగారం ఎలాగూ తప్పదు.